కలగూర గంప ప్లేటు కథ

రెండు వారాలుగా పోస్టు పెట్టలేదు. కల్లంలో కాయ ఆరబోసుకుని, మబ్బు పట్టినప్పుడల్లా పట్టాలు కప్పుకుంటూ కూర్చున్నాం, తీరిక ఎక్కడిది. ఈసారిది పెద్ద పోస్టు. తామర పురుగు గురించి కాదు, యార్డు ధర గురించీ కాదు. పాటల గురించి. అదీ మన పాటలు కాదు, కెనడా, అమెరికా, ఇంగ్లండు వాళ్ల పాటలు. "ఈయనకేమైంది, ఎండదెబ్బ తగిలిందా" అనుకోకండి. ఓపిగ్గా చదివితే మన మిర్చి పొడి ప్యాకెట్టు దగ్గరికే వస్తాను.

పోయిన నెల సంఘం మీటింగుకు వచ్చినవాళ్లకు తెలుసు. పద్నాలుగు మందిమి కాయ కలిపి పొడి పట్టించి, ఒకే పేరుతో ప్యాకెట్టు చేసి అమ్ముదామనుకున్నాం. అంతా బాగానే నడిచింది, డబ్బు పంపకం మాట వచ్చేదాకా. మాలో ఒకాయన తేజా పండిస్తాడు. రంగు, ఘాటు రెండూ ఉన్న కాయ. ఆయన లేచి, "ప్యాకెట్టు అమ్ముడయ్యేది నా కాయ రంగు చూసి. డబ్బులు మాత్రం తాలుకాయ వాడికీ నాకూ సమానమా?" అన్నాడు. అవతలాయన ఊరుకుంటాడా. "నీ ఒక్కడి కాయతో ఎన్ని ప్యాకెట్లు నింపుతావో నింపు చూద్దాం" అన్నాడు. మీటింగు అక్కడితో లేచిపోయింది.

అదే వారంలో మా మేనల్లుడు ఒక ఫోటో పంపించాడు. వాడు కెనడాలో విన్నిపెగ్ ఊళ్లో ఉంటాడు. అక్కడ ఎండాకాలంలో జనం ఇంట్లో పాత సామాను వాకిట్లో పెట్టి అమ్ముకుంటారట. అలాంటి చోట ఒక పాత ఎల్పీ ప్లేటు కొన్నాడు. అట్ట మీద కళ్లు చెదిరే రంగులు, ఇరవై పాటలు, ఇరవై మంది పాడినవాళ్ల పేర్లు, మూలన కె-టెల్ అని ముద్ర. "మామయ్యా, ఈ కంపెనీ పెట్టినాయన గోధుమ రైతు కొడుకు. ఇక్కడి పక్క రాష్ట్రం వాడే" అన్నాడు. అక్కడ పట్టుకుంది నాకు. వాడిని అడిగి, నేను చదివి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

ఆయన పేరు ఫిలిప్ కైవ్స్. 1929లో పుట్టాడు. ఊరు ఊంగ్రే, కెనడాలో సస్కాచివాన్ అనే రాష్ట్రం, అమెరికా సరిహద్దుకు దగ్గర. టర్కీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. పుట్టిన ఏడు చూశారుగా, అమెరికా షేర్ మార్కెట్టు కూలిన ఏడు. ఆ తర్వాతి పదేళ్లు అక్కడి రైతులకు కరువు మీద కరువు. వాన లేదు, ఎండిన చేలలో మట్టి గాలికి లేచిపోయింది. పండిన కొద్ది గోధుమకు ధర లేదు. ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. ఎనిమిదేళ్ల వయసులో ఈ పిల్లాడు పొలం చుట్టూ ఉచ్చులు పెట్టి చిన్న జంతువుల్ని పట్టి, వాటి బొచ్చు తోళ్లు అమ్మేవాడు. అంతవరకూ చాలామంది పిల్లలు చేసేదే. ఈయన ఇంకో పని చేశాడు. బడిలో తోటి పిల్లలు పట్టిన తోళ్లు కూడా తానే కొని, అన్నీ కలిపి వేలానికి పంపేవాడు. ఏడాదికి సరిపడా బట్టలు కొనుక్కునే డబ్బు వచ్చేదట.

నాకు ఇక్కడే నవ్వొచ్చింది. ఎనిమిదేళ్లకే కమీషన్ వ్యాపారి. తర్వాత చేసిందంతా ఆ తోళ్ల వ్యాపారమే, సరుకు మారింది అంతే.

1957లో పొలం వదిలి విన్నిపెగ్ చేరాడు. టాక్సీ నడిపాడు, హోటల్లో వంట చేశాడు, ఇంటింటికీ తిరిగి కుట్టు మిషన్లు, వంట పాత్రలు అమ్మాడు. 1962లో అడుగంటని పెనం ఒకటి పట్టుకుని టీవీలో ఐదు నిమిషాలు నిలబడి, దాని మీద వండి చూపించి అమ్మాడు. అప్పటికి టీవీలో అంతసేపు ఒక వస్తువు గురించి చెప్పడం అరుదు. పెనం పెద్దగా నిలవలేదు గానీ టీవీలో చెబితే జనం కొట్టుకు పరుగెత్తుతారని ఆయనకు అర్థమైంది. కైవ్స్‌లో కె, టెలివిజన్‌లో టెల్, అదే కె-టెల్. కూరగాయలు తరిగే పరికరాలు, కత్తులు ఇలాగే అమ్మాడు. కత్తులైతే ఆస్ట్రేలియాలో లక్షల్లో పోయాయి.

కానీ ఆ సరుకు ఆయనది కాదు, వేరేవాళ్లు తయారుచేసి ఇచ్చేది. వాళ్లు ఇవ్వడం ఆపేస్తే? ఆగింది కూడా. చేతిలో టీవీ కిటుకు ఉంది, అమ్మడానికి సరుకు లేదు. 1966లో ఆయన చూపు పాటల మీద పడింది. అప్పటికే హిట్టయి, మార్కెట్లో వేడి తగ్గిన పాటలు రికార్డు కంపెనీల గోడౌన్లలో పడి ఉన్నాయి. పల్లెటూరి కంట్రీ పాటలు పాతిక, ఒక్కొక్కటి ఒక్కో కంపెనీది, అద్దెకు తీసుకున్నట్టు హక్కు తీసుకుని ఒకే ప్లేటు మీద వేశాడు. లక్షా ఎనభై వేలు అమ్ముడైంది. రెండోసారి పోల్కా నాట్యం పాటలు పాతిక. అది అమెరికాలో పదిహేను లక్షలు. పోల్కా అంటే అక్కడి రైతు కుటుంబాల పెళ్లిళ్లలో, పండగల్లో మోగే పాట. ఊళ్లో పుట్టినవాడు గనక ఊళ్లో ఏది అమ్ముడవుతుందో తెలుసు.

ఇలా రకరకాల వాళ్ల పాటలు ఒకచోట చేర్చడం ఈయన కనిపెట్టింది కాదు. 1959లోనే అమెరికాలో పాత పాటల్ని కలిపి అమ్మిన ప్లేట్లు ఉన్నాయి. దాన్ని టీవీకెక్కించి, ప్రపంచమంతా ఇంటింటికీ చేర్చింది మాత్రం ఈయనే. ఇంగ్లీషులో వాటిని కంపైలేషన్ అంటారు. మనకు అంతకంటే మంచి మాట ఉంది, కలగూర గంప.

ఆయన ప్రకటనల్లో ఒక మాట గట్టిగా వినిపించేది. అసలు పాటలు, అసలు పాడినవాళ్లే, అని. ఎందుకంటే అప్పట్లో చౌక ప్లేట్లు ఇంకో రకం ఉండేవి. హిట్ పాటల్ని ఎవరో పేరులేని గాయకులతో అచ్చం అలాగే పాడించి, అట్ట మీద పాట పేరు పెద్దగా వేసి అమ్మేవాళ్లు. ఇంటికెళ్లి వింటేగానీ తెలియదు. నకిలీ విత్తనం ప్యాకెట్టు లాగే, పేరొకటి, లోపల గింజ ఒకటి. ఆ భయం ఉన్న జనానికి కైవ్స్ మాట బాగా ఎక్కింది. 1972లో ఇంగ్లండులో వేసిన మొదటి ప్లేటే అక్కడ నంబర్ వన్‌కు వెళ్లింది.

ఇప్పుడు రాక్ పాట సంగతి. 1970ల మధ్య నుంచి ఒక రకం రాక్ మొదలైంది. గిటార్లు గట్టిగా మోగుతాయి, డప్పు గుండెల మీద కొట్టినట్టుంటుంది. అయినా పాటకు తేలిగ్గా నోటికి పట్టే రాగం ఉంటుంది, ట్రాక్టరు మీద కూర్చుని పాడుకోవచ్చు. దాన్నే మెలోడిక్ రాక్ అంటున్నారు. 1976లో బోస్టన్ అనే బృందం మొదటి ప్లేటు వచ్చింది. దాని వెనకున్న టామ్ షోల్జ్ పోలరాయిడ్ కెమెరా కంపెనీలో ఇంజనీరు. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి కింద గదిలో సొంతంగా యంత్రాలు అమర్చుకుని చాలావరకు అక్కడే రికార్డు చేశాడు. ఆ ఒక్క ప్లేటు అమెరికాలోనే కోటీ డెబ్భై లక్షలు పోయింది. ఇంకా ఫారినర్, జర్నీ, సర్వైవర్, లవర్‌బాయ్, హార్ట్, ఇలా ఎన్నో.

ఇలాంటి పాటల్ని కె-టెల్ లాంటి కంపెనీలు గంపలో వేసుకున్నప్పుడు ఒక తిరకాసు వచ్చింది. ఎల్పీ ప్లేటు ఒక వైపు సుఖంగా పట్టేది ఇరవై నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. మామూలు ప్లేటుకు వైపుకు నాలుగో ఐదో పాటలు. కె-టెల్ పది పాటలు ఇరికిస్తుంది. ఎలా? రెండు దారులు. ఒకటి, పాటను కోసేయడం. రెండో చరణం ఎత్తేస్తారు, గిటారు వాయింపు సగంలో మెల్లగా తగ్గించి మాయం చేస్తారు. రెండు, గాళ్లను దగ్గర దగ్గరగా తీయడం. ప్లేటు మీద సూది నడిచే గీత ఉంటుంది చూడండి, అది మన సాళ్లలాంటిదే. గట్టి శబ్దానికీ, లోతైన డప్పు మోతకూ ఆ సాలు వెడల్పుగా ఊగాలి. సాళ్లు దగ్గరైతే ఊగడానికి చోటుండదు. కాబట్టి మొత్తం శబ్దమే తగ్గించి కోస్తారు. మిర్చిలో మొక్కలు ఒత్తుగా పెడితే లెక్కకు మొక్కలు ఎక్కువ, కాయ మాత్రం సన్నం. అచ్చం అదే. మెలోడిక్ రాక్‌కు ప్రాణం గిటారు వాయింపు, డప్పు బరువు. సరిగ్గా ఆ రెండే పోయేవి.

పిల్లలు పట్టించుకోలేదనుకోండి. జేబు డబ్బుతో ఒకే ఒక్క ప్లేటు కొనగలిగే పల్లె పిల్లాడికి ఇరవై మంది ఒకేసారి ఇంటికొస్తే, రెండో చరణం పోయిందని ఏడుస్తాడా.

మనం చేసింది మాత్రం వేరా? మా వయసు వాళ్లకు గుర్తుండాలి, టౌన్లో బస్టాండు పక్కన రికార్డింగ్ షాపు. నోటు పుస్తకం కాగితం మీద పాటలు రాసిచ్చి, అరవై క్యాసెట్టు ఇచ్చి, రెండ్రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకునేవాళ్లం. వైపుకు ముప్ఫై నిమిషాలు. మన సినిమా పాట నాలుగున్నర, ఐదు నిమిషాలు. ఆరు పాటలు నిండాక ఏడోది రెండో చరణం మధ్యలో టక్కున ఆగిపోయేది. నా పెళ్లికి ముందు చేయించుకున్న క్యాసెట్టులో ఒక పాట అలా తెగింది. ఇవాళ్టికీ ఆ పాట రేడియోలో వస్తే ఆ మాట దగ్గర నా చెవి ఆగుతుంది. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ క్యాసెట్టులో పాడినవాళ్లకు గానీ రాసినవాళ్లకు గానీ పైసా పోలేదు. కైవ్స్ కనీసం హక్కు కొని అమ్మాడు.

మరి ఆ డబ్బు పంపకం ఎలా? మన మీటింగు లేచిపోయింది ఈ ముక్క దగ్గరే గనక ఇది కాస్త నెమ్మదిగా చదవండి. ఇలాంటి ప్లేట్లలో వాడుక ఏమిటంటే, ప్లేటుకు పాటల తరఫున ఇంత అని రాయల్టీ ఉంటుంది. ప్లేటులో ఇరవై పాటలుంటే పాటకు ఇరవయ్యో వంతు. అందులో ఊరూరా మోగిన పాట ఉండొచ్చు, ఎవరూ వినని పాట ఉండొచ్చు, వంతు మాత్రం వంతే. అదీ ముందు పాట హక్కున్న కంపెనీకి వెళ్తుంది. అక్కడ లెక్కలు చూసుకున్నాక పాడినవాడికి. అంటే మా తేజా ఆయన అడిగిన ప్రశ్నే వాళ్లకూ ఉంది. నా పాట కోసం కొంటే నాకూ వాడికీ సమానమా?

దానికి అక్కడ రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. బీటిల్స్, లెడ్ జెపెలిన్ లాంటి మోతుబరులు ఇలాంటి గంపల్లో దాదాపు కనిపించరు. వాళ్ల ప్లేటు వాళ్లే అమ్ముకోగలరు, కలవాల్సిన పని లేదు. మిగిలినవాళ్లకు అది పండి, అమ్ముడై, మిగిలిపోయిన సరుకు. పాట పాతబడ్డాక ఇంకో కాపు వస్తుంటే ఎవరు వద్దంటారు. ఎవరూ వినని పాట పాడినవాడికైతే పెద్దవాళ్ల పక్కన పేరు పడటమే లాభం.

జర్నీ బృందం చేసింది ఇంకో దారి. 1988లో తమ పాటల్లోంచే మంచివి ఏరి ఒక ప్లేటు చేశారు. సొంత చేలో ఏరిన కాయ, ఎవరి కాయా కలపలేదు. అది అమెరికా అమ్మకాల జాబితాలో ఇప్పటికి 800 వారాలకు పైగా కనిపించింది. పదిహేనేళ్ల పైమాటే. కానీ అలా ఏరుకోవాలంటే ముందు అన్ని మంచి కాపులు కాసి ఉండాలి. ఒకే ఒక్క హిట్టున్నవాడు ఏం ఏరుకుంటాడు.

ఇక పండించేవాళ్లకు, అంటే పెద్ద రికార్డు కంపెనీలకు, కొంతకాలానికి తెలివొచ్చింది. మన పాటలు అద్దెకిచ్చి ఇంకొకడు బాగుపడటమెందుకు, మనమే కలిసి గంప కడదాం అనుకున్నారు. ఇంగ్లండులో వర్జిన్, ఇఎంఐ అనే రెండు కంపెనీలు, మామూలుగా పోటీదారులు, చేతులు కలిపి 1983 నవంబరు 28న రెండు ప్లేట్లు, ముప్ఫై పాటలతో ఒక గంప వదిలాయి. దాని పేరు "నౌ దట్స్ వాట్ ఐ కాల్ మ్యూజిక్". పాట అంటే ఇదీ, అని అర్థం చెప్పుకోవచ్చు. ఆ పేరెక్కడిదో తెలుసా? డెన్మార్క్ పంది మాంసం అమ్మకానికి వేసిన పాత ప్రకటన బొమ్మ. అందులో ఒక కోడి పాడుతుంటే పంది చెవులు రిక్కించి విని ఆ మాట అంటుంది. వర్జిన్ యజమాని రిచర్డ్ బ్రాన్సన్ పాత సామాన్ల కొట్లో ఆ బొమ్మ చూసి, పొద్దున్నే గుడ్డు తినేదాకా చిరాగ్గా ఉండే తన బంధువు బల్ల వెనక తగిలించడానికి కొన్నాడట. మొదట్లో కొన్ని ప్లేట్ల అట్టల మీద ఆ పందే ఉండేది. కోళ్లఫారం తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ వరస ఇప్పటికీ వస్తూనే ఉంది. అమ్మకాలు ఎంత పెరిగాయంటే, ఇంగ్లండు ఆల్బమ్‌ల జాబితాలో పైన గంప ప్లేట్లే కూర్చున్నాయి, సొంతంగా ప్లేటు చేసిన గాయకుడికి చోటు లేకుండా పోయింది. 1989 జనవరిలో గంప ప్లేట్లకు వేరే జాబితా పెట్టి, వాటిని అందులోంచి బయటికి పంపారు. నా మట్టుకు నాకు అది న్యాయంగానే తోచింది. పద్నాలుగు మంది కాయ కలిపిన రాశినీ, ఒక్కడి రాశినీ పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్దదని అడిగితే ఏం బావుంటుంది.

నౌ మొదటి గంపలో బానీ టైలర్ పాట ఒకటుంది. వేల్స్ అమ్మాయి, బొంగురు గొంతు. ఆ పాటకు బాణీ కట్టిన జిమ్ స్టైన్‌మన్, అదే టైలర్ కలిసి మరుసటి ఏడు ఇంకో పాట చేశారు. అది సినిమా కోసం, అదీ రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా వచ్చే సీను కోసం. మనవాళ్లకు చెప్పాల్సిన సినిమా.

దాని వెనక నిజంగా జరిగింది ఒకటుంది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో ఎల్మోర్ సిటీ అని ఉంది. పేరుకే సిటీ, వెయ్యిమంది కూడా లేని పల్లె. అక్కడ 1898 నుంచి బహిరంగంగా నాట్యం చేయడం నిషేధం. 1980లో బడి పిల్లలు ఏడాది చివరి వేడుకలో నాట్యం చేస్తామని అడిగారు. ఊరు రెండుగా చీలింది, స్కూలు బోర్డు కూడా చీలింది. చివరికి పిల్లలు గెలిచారు. పేపర్లో ఇది చదివిన డీన్ పిచ్‌ఫర్డ్ అనే పాటల రచయిత ఆ ఊరు వెళ్లి చూసొచ్చి సినిమా కథ రాశాడు. అదే 1984 ఫిబ్రవరిలో వచ్చిన "ఫుట్‌లూస్". తీసింది ఊటా రాష్ట్రంలో, లీహై పిండి మిల్లులో, పేసన్ ఊరి బడిలో.

సినిమాలో పట్నం నుంచి వచ్చిన కుర్రాడికీ ఊరి మొరటు కుర్రాడికీ పందెం. కాలువ గట్టు మీద ఇద్దరూ ట్రాక్టర్లు ఎదురెదురుగా నడపాలి, ముందు ఎవడు దూకితే వాడు ఓడినట్టు. పట్నం వాడికి దూకాలనే ఉంది. బూటు తాడు పెడల్‌కు చిక్కుకుని దూకలేకపోతాడు. అవతలివాడు భయపడి కాలువలో దూకుతాడు. ఊరంతా వీణ్ణి వీరుడనుకుంటుంది. బానీ టైలర్ అక్కడ నాకో వీరుడు కావాలని అరుస్తూ పాడుతుంటుంది. నేను పగలబడి నవ్వాను. మన ఊరి వీరుల్లోనూ బూటు తాడు చిక్కుకున్నవాళ్లు ఉన్నారు, పేర్లు రాయను.

ఆ పాటల ప్లేటుకూ కె-టెల్ ప్లేటుకూ పైకి తేడా తెలియదు. తొమ్మిది పాటలు, రకరకాల గాయకులు. లోపల తేడా చాలా ఉంది. కైవ్స్ పండిన సరుకు కొన్నాడు. పిచ్‌ఫర్డ్ విత్తనం దగ్గర్నుంచే వేయించాడు. తొమ్మిది పాటల రచనలోనూ ఆయన చెయ్యి ఉంది, బాణీలు మాత్రం పాటకొకరితో కట్టించాడు. గిటారు పాట కావాలంటే శామీ హేగర్, జంట పాట కావాలంటే లవర్‌బాయ్ నుంచి మైక్ రెనో, హార్ట్ నుంచి ఆన్ విల్సన్. పేరు పాట కెన్నీ లాగిన్స్‌ది. అది రాసుకోవడానికి కూర్చునేనాటికి లాగిన్స్ వేదిక మీంచి పడి పక్కటెముకలు దెబ్బతిని ఉన్నాడు, పిచ్‌ఫర్డ్‌కు గొంతు నొప్పి, జ్వరం. ఒకాయన నవ్వలేడు, ఒకాయన మాట్లాడలేడు. అలా రాసిన పాట అమెరికాలో నంబర్ వన్.

1984 ఏప్రిల్‌లో ఈ ప్లేటు మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్"ను పైమెట్టు నుంచి దించి పది వారాలు అక్కడే కూర్చుంది. తొమ్మిదిలో ఆరు పాటలు మొదటి నలభైలోకి వచ్చాయి. గంపలో ఒకటి మోసి మిగతావి ఊరికే కూర్చోవడం కాదు, తొమ్మిదిలో ఆరు మోశాయి. ముందే ఇది కావాలి, ఇలా కావాలి అని చెప్పి పండిస్తే వచ్చే లాభం అది. నష్టమూ ఉంది. సినిమా పోయి ఉంటే ఆ పాటలన్నీ దాంతోపాటే మునిగేవి.

దీనికి రెండేళ్ల ముందు ఇంకొకటి జరిగింది. "రాకీ" మూడో సినిమా తీస్తున్న సిల్వెస్టర్ స్టాలోన్, క్వీన్ అనే పెద్ద బృందం పాట పెట్టుకుని సీన్లు కోసుకున్నాడు. హక్కు దొరకలేదు. అప్పుడు చికాగోలో అంత పేరులేని సర్వైవర్ బృందానికి ఫోన్ చేశాడు. జిమ్ పీటరిక్, ఫ్రాంకీ సల్లివాన్ అనే ఇద్దరు సినిమా ముక్క చూస్తూ, తెర మీద గుద్దు పడినచోట గిటారు దెబ్బ పడేలా పాట కట్టారు. అదే "ఐ ఆఫ్ ద టైగర్". ఆరు వారాలు నంబర్ వన్. ఇప్పటికీ ఏ జిమ్‌లోకి వెళ్లినా వినిపిస్తుంది. మోతుబరి సరుకు దొరకలేదు కాబట్టి చిన్న రైతు సరుకుకు దారి దొరికింది.

కైవ్స్ సంగతి ఏమైంది అంటారా. ఫుట్‌లూస్ పైన కూర్చున్న అదే 1984లో అమెరికాలో కె-టెల్ దివాలా తీసింది. పాటల మీద వచ్చిన డబ్బు నూనె బావుల్లో, రియల్ ఎస్టేటులో పెట్టి పోగొట్టుకున్నారు. పైగా కొట్లకు ఇచ్చిన ప్లేట్లు అమ్ముడైతేనే డబ్బు, లేకపోతే సరుకు వెనక్కి. టిక్కీలు యార్డు నుంచి తిరిగి ఇంటికొస్తే ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాటలున్న పెద్ద కంపెనీలు సొంత గంపలు కట్టుకోవడమూ మొదలైపోయింది. ఆయన మళ్లీ తంటాలు పడి కంపెనీని చేతికి తెచ్చుకున్నాడు, చిన్నగా నడిపాడు. 2016లో విన్నిపెగ్‌లోనే పోయాడు, 87 ఏళ్లు.

సరే, మన ప్యాకెట్టు. ఈ కథంతా చదివాక నాకు తోచింది ఇది, మీరు కాదంటే కాదనండి. పద్నాలుగు మందికీ సమానంగా పంచడం కె-టెల్ పద్ధతి. అది పండిన తర్వాత, ఎవడి దగ్గర ఏముంటే అది పోగేసినప్పుడు తప్పదు. కానీ మనం ఇంకా నారు పోయలేదు. వచ్చే పంటకు ఎవరు ఏ రకం వేయాలి, ఎంత ఎండాలి, తాలు ఎంత శాతం దాటకూడదు అని ముందే రాసుకుంటే తేజా ఆయన ప్రశ్న సగం తీరిపోతుంది. మిగతా సగం తీరదు. రంగు ఉన్న కాయకు క్వింటాకు కాస్త ఎక్కువ కట్టి, మిగిలినది సమానం చేద్దామని నా మాట. "అయితే ఎంత ఎక్కువ?" అని వెంటనే అడుగుతారు. అది నాకూ తెలియదు, కూర్చుని తేల్చుకోవాల్సిందే. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ప్యాకెట్టు వెనక పద్నాలుగు పేర్లూ వేయాలి. కె-టెల్ వాడు కూడా ఇరవై మంది పేర్లూ అట్ట మీద వేశాడు.

తేజా ఆయన ఈ పోస్టు చదువుతాడని తెలుసు. బాబాయ్, కోపం లేదుగా. నువ్వు అడిగింది తప్పు కాదు, అడిగిన తీరే కాస్త ఘాటు.

మేనల్లుడు ఆ ప్లేటు సంక్రాంతికి తెస్తానన్నాడు. మా ఇంట్లో దాన్ని మోగించే మిషను లేదు, ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే చెప్పండి. సూది బాగుంటే చాలు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి మళ్లీ కూర్చుంటున్నాం, సొసైటీ గోడౌను అరుగు మీద. వచ్చేటప్పుడు ఎవరి కాయ వాళ్లు ఒక గుప్పెడు తెండి.